బాణం సూటిగా పోదు

గత నెల వచ్చిన ఉత్తరాల్లో ఒకదాన్ని ఇంకా బల్ల మీదే ఉంచుకున్నాను. కొల్లేటికోట నుంచి రిటైరైన సైన్సు మాస్టారొకరు రాశారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, నలభై ఏళ్ళ కిందట, ఆయన బుట్టాయగూడెం అవతల ఏజెన్సీలో పనిచేశారట. బదిలీ అయి కిందికి వచ్చేసే రోజున ఒక కొండరెడ్డి ముసలాయన ఆయనకి ఒక వెదురు విల్లూ ఒక బాణమూ ఇచ్చాడు. వాటితోపాటు తన మొదటి దుప్పి కథ కూడా చెప్పాడు.

కుర్రతనంలో అన్న వెంట వేటకి పోయాడట. ఎదురుగా దుప్పి కనబడగానే ఆత్రం కొద్దీ అన్న అమ్ములపొదిలోంచి ఒక బాణం లాగి, తన విల్లుకి తొడిగి వేశాడు. బాణం ఎడమకి కొట్టుకుపోయి చెట్టుకి తగిలింది. "నా బాణం నీ విల్లు మాట వినదురా" అన్నాడు అన్న. కొన్నాళ్ళకి తన బాణంతోనే, ముప్పయ్యయిదు అంగల దూరం నుంచి వేశాడు. ఈసారి బాణం గురి తప్పలేదు. అయితే అది చేరేలోగా దుప్పి ఒక్కసారి "కూచుంది", బాణం వీపు మీదుగా పోయింది. మూడోసారి గాలికి ఎదురుగా పొదల మాటున పాకుతూ పన్నెండు అంగల దాకా వెళ్ళి వేశాడు. ఆ దుప్పి పడింది.

"అన్న బాణం తమ్ముడి విల్లు మాట ఎందుకు వినదు? వచ్చే బాణాన్ని దుప్పి ఎలా కనిపెట్టింది? ఇందులో ఎంత నిజం, ఎంత వేటగాళ్ళ మాట?" అని మాస్టారి ప్రశ్న. నలభై ఏళ్ళుగా ఆ విల్లు ఆయన ఇంట్లో గోడకి వేలాడుతోందట. సైన్సు చెప్పిన మనిషినై ఉండి దాని మర్మం తెలుసుకోలేదని బాధపడ్డారు.

మాస్టారు గారూ, ముసలాయన చెప్పిన ప్రతి ముక్కా నిజం. బాధ మీరొక్కరే పడనక్కర్లేదు. మొదటి ప్రశ్నకి సరైన జవాబు దొరికి వందేళ్ళు కూడా కాలేదు. విల్లు పుట్టి వేల ఏళ్ళయింది.

ఆ ముసలాయన బాల్యం ఇంచుమించు 1930లు, 40ల నాటిది అయివుండాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త గోదావరి గట్ల వెంట పాపికొండల్లో కొండరెడ్ల మధ్య తిరిగి, 1945లో వాళ్ళ మీద పెద్ద పుస్తకం తెచ్చాడు. అంతకు రెండేళ్ళ ముందు నల్లమల చెంచుల మీద తెచ్చాడు. ఇప్పుడు ఆ కుర్రాడు అదే పని చేస్తే జైలుకి పోతాడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటని నిషేధించింది. 2008లో పాపికొండలు జాతీయ ఉద్యానవనమయ్యాయి. మాస్టారు ఉంటున్న కొల్లేరు కూడా 1999 నుంచి అభయారణ్యమే. కాబట్టి కింద రాసేదంతా ఒక పాత దుప్పి గురించీ ఒక పాత బాణం గురించీ మాత్రమే.

విల్లు సంగతి మన పాఠ్యపుస్తకాలు ఒక్క వాక్యంలో తేల్చేస్తాయి: వంచిన విల్లులో స్థితిశక్తి ఉంటుంది, వదిలితే అది బాణానికి గతిశక్తిగా మారుతుంది. అంతే, తర్వాతి పాఠం. ఆ వాక్యం తప్పు కాదు. 20 కిలోల బలంతో లాగాల్సిన విల్లుని అరమీటరు లాగితే సుమారు 50 జౌళ్ళ శక్తి అందులో చేరుతుంది. అందులో 30 దాకా బాణానికి అందుతుంది. మిగతాది విల్లు చేతుల కదలికకీ అల్లెతాడు మోతకీ ఖర్చవుతుంది. 30 గ్రాముల బాణం సెకనుకి 45 మీటర్ల వేగం అందుకుంటుంది. ఇంతవరకూ పదో తరగతి పిల్లలు చేయగలిగిన లెక్క. ఈ లెక్క బాణం ఎంత వేగంగా పోతుందో చెబుతుంది గాని ఎటు పోతుందో చెప్పదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

మీ గోడ మీది విల్లు దించి చూడండి. ఎడమ చేత్తో విల్లు నడుముని పట్టుకుంటాం. బాణం పిడికి ఎడమ పక్కన, వేలి కణుపు మీద ఆనుతుంది. అల్లెతాడు మాత్రం విల్లు మధ్యరేఖకి ఎదురుగా ఉంటుంది. పిడి మందం అడ్డుండటం వల్ల బాణం ఆ మధ్యరేఖ మీదికి రాలేదు. కనీసం ఒకటిన్నర, రెండు సెంటీమీటర్లు ఎడమకి జరిగి ఉంటుంది. పూర్తిగా లాగినప్పుడు తాడు పిడికి 65 సెంటీమీటర్ల వెనక ఉంటుంది కాబట్టి ఆ ఎడం పెద్దగా లెక్కలోకి రాదు. బాణం మధ్యరేఖతో ఒకటిన్నర డిగ్రీల కోణం చేస్తుంది, అంతే. తాడు ముందుకి దూకి పిడికి 15 సెంటీమీటర్ల దగ్గరికి వచ్చేసరికి అదే ఎడం దాదాపు 7 డిగ్రీల కోణమవుతుంది. బాణం ఇనుప చువ్వలాంటిదైతే విల్లు దాన్ని పక్కకి తోసి, గురి పెట్టిన దిశకి అయిదు డిగ్రీలు ఎడమగా పంపాలి. 20 మీటర్ల దూరంలో అయిదు డిగ్రీలంటే ఒక మనిషి ఎత్తంత తేడా. అలాంటప్పుడు ఏ దుప్పీ ఎప్పుడూ పడకూడదు.

పడుతూనే ఉన్నాయి. బాణాన్ని దుప్పి వైపు గురిపెడితే దుప్పి వైపే పోతోంది. ఇంగ్లండులో పన్నెండుసార్లు జాతీయ విజేత అయిన హొరేస్ ఫోర్డ్ 1859లోనే తన పుస్తకంలో ఈ వింతని గుర్తించి రాశాడు. చూడటానికి అలా కనిపించకపోయినా బాణం తన ఇరుసు చూపించే దిక్కునే పోతుందని ఆయన గమనించాడు. 1913లో రెండార్ఫ్ అనే అమెరికన్ దానికి ఒక పేరు కూడా పెట్టాడు. తెలుగులో దాన్ని విలుకాడి విరోధాభాస అనవచ్చు. పేరు కుదిరింది గాని కారణం మాత్రం చాలా కాలం చిక్కలేదు. బాణమే విల్లుని పక్కకి నెట్టేసి దారి చేసుకుంటుందని కొందరన్నారు. విల్లు పిడికిట్లో తిరుగుతుందని కొందరన్నారు. తిన్నగా పోకపోయినా వెనక ఈకలు గాలి పట్టి దాన్ని దారిలో పెడతాయని ఇంకొందరు తేల్చేశారు. ఈకల వాదం వినడానికి బాగుంటుంది, ఇప్పటికీ నమ్మేవాళ్ళున్నారు. అది నిజమైతే ఈకలు చేసే పని బాణం కొంత దూరం పోయాకగాని మొదలు కాకూడదు. అప్పటికి బాణం పక్కదారి పట్టేసి ఉంటుంది. పక్కదారిలో పోతున్నదాన్ని ఈకలు ఆ దారిలోనే నిలబెడతాయి తప్ప తిరిగి అసలు దారిలోకి తేలేవు. ఇంత చిన్న సంగతి అంతమంది ఆలోచనాపరుల కన్ను ఎలా తప్పించుకుందో అర్థం కాదు. కంటికి కనబడని వేగంలో జరిగేదాన్ని కంటితో చూసి వాదించుకోవడమే వాళ్ళ ఇబ్బంది అనుకుంటాను.

చూసినవాడు క్లారెన్స్ హిక్‌మన్. ఈయన గురించి ఆగి చెప్పుకోవాలి. 1918లో రాకెట్ల పితామహుడు రాబర్ట్ గొడార్డ్ దగ్గర పనిచేశాడు. ఆ పనిలో జరిగిన పేలుడులో చేతివేళ్ళు కొన్ని పోగొట్టుకున్నాడు. తర్వాత బెల్ టెలిఫోన్ ప్రయోగశాలలో భౌతికశాస్త్రవేత్త అయ్యాడు. రెండో ప్రపంచయుద్ధంలో మళ్ళీ రాకెట్ల వైపు వెళ్ళి అమెరికా రాకెట్ పరిశోధనని నడిపించినవాళ్ళలో ఒకడయ్యాడు. ఈ రెండు రాకెట్ల కాలాల మధ్య, 1930ల్లో, ఆయన్ని పట్టుకున్నది విల్లు. సెకనుకి వేల చిత్రాలు తీసే కెమెరా ముందు విలుకాణ్ణి నిలబెట్టి, తీసిన రీలుని నెమ్మదిగా తిప్పి చూశాడు. అప్పటిదాకా కర్రపుల్లలా తిన్నగా ఉంటుందనుకున్న బాణం విల్లు దగ్గర పాములా మెలికలు తిరుగుతోంది. ఆయనా, ఫారెస్ట్ నాగ్లర్, పాల్ క్లాప్‌స్టెగ్ అనే మరిద్దరూ కలిసి రాసిన వ్యాసాలు 1947లో పుస్తకంగా వచ్చాయి. క్లాప్‌స్టెగ్ 1943లోనే ఒక భౌతికశాస్త్ర పత్రికలో ఈ విషయమంతా సమీకరణాలతో వివరించాడు. దీన్నంతా కంప్యూటరు మీద పూర్తిగా లెక్కగట్టినవాళ్ళు కూయి, స్పారెన్‌బర్గ్ అనే ఇద్దరు డచ్చి గణితజ్ఞులు. అది 1997లో. వెదురు బాణం మనిషికి పూర్తిగా అర్థం కావడానికి ఇరవయ్యో శతాబ్దం చివరిదాకా ఆగవలసి వచ్చింది.

ఆ రీలు నేను ఇప్పుడు మాటల్లో తిప్పుతాను. మొత్తం కథ సెకనులో 50వ వంతు కూడా ఉండదు. దాదాపు 18 మిల్లీసెకన్లు. రెప్పపాటు కాలంలో ఇది చాలాసార్లు జరిగిపోతుంది. కాస్త ఓపిగ్గా చదవండి.

కుడిచేతి మూడు వేళ్ళు తాడుని కొక్కెంలా పట్టుకుని ఉన్నాయి. వేళ్ళు కుడివైపు నుంచి వచ్చి, తాడు ముందు నుంచి చుట్టి, వాటి కొసలు ఎడమవైపు ఉన్నాయి. పట్టు వదిలినప్పుడు వేళ్ళు మాయం కావు. తాడు వేలికొసల మీదుగా దొర్లుకుంటూ బయటపడాలి, అంటే ముందు కాస్త ఎడమకి జారాలి. ఆ జారుడుతో బాణం తోక ఎడమకి కదులుతుంది. అదే క్షణంలో వెనక నుంచి 20 కిలోల తోపు వచ్చి పడుతుంది. బాణం నడుము బద్ధకంగా ఉన్నచోటే ఉండిపోతుంది, తోక ఎడమకి పోయింది, మొన పిడి పక్కన ఆనుకుని ఉంది. దాంతో నడుము కుడివైపుకి, అంటే విల్లు వైపుకి ఉబ్బుతుంది. ఇది మొదటి వంపు. ఈ వంపులో బాణం పిడిని గట్టిగా ఒత్తుతుంది. పిడి తిరిగి దాన్ని ఎడమకి నెడుతుంది.

వంగిన కర్ర ఊరుకోదు, ఎదురు వంపుకి దూకుతుంది. బాణం సగం ముందుకి పోయేసరికి నడుము ఎడమకి ఉబ్బి ఉంటుంది. పిడి పక్కగా పోతున్నది ఆ నడుమే. విల్లు చేతికి అడ్డం పడకుండా, దాని చుట్టూ తిరిగి పోతున్నట్టుంటుంది ఆ దృశ్యం. బాణం మొన ఈపాటికి పిడిని దాటి మళ్ళీ మధ్యరేఖ మీదికి వచ్చేసింది. ఇది రెండో వంపు. ఇక మిగిలింది తోక. ఈకలు కట్టి ఉన్న తోకే పిడికి తగలడానికి ఎక్కువ వీలున్న భాగం. సరిగ్గా అది పిడి దగ్గరికి వచ్చే సమయానికి బాణం మూడో వంపులో ఉంటుంది. నడుము మళ్ళీ కుడికి, తోక ఎడమకి, పిడికి దూరంగా. ఈకలు పిడిని తాకకుండా పక్కనుంచి జారిపోతాయి. బాణం తాడుని వదిలేస్తుంది.

మొదట్లో పిడిని ఒక్కసారి ఒత్తడమే, ఆ తర్వాత బాణం విల్లుని ముట్టుకోదు. తన దారికి అడ్డంగా ఉన్నదాన్ని చుట్టుకుని దాటుకుంటూ పోయింది. తాడు వదిలాక కూడా వెంటనే నిలకడ రాదు. గాల్లో అటూ ఇటూ వంగుతూ కొన్ని మీటర్లు పోతుంది. అలా వంగుతున్నప్పుడు దాని మీద రెండే చోట్లు కదలవు. పాఠ్యపుస్తకాల భాషలో అస్పందన స్థానాలు. అంతటా ఒకే మందమున్న 70 సెంటీమీటర్ల పుల్లలో ఇవి ఒక్కో కొస నుంచి 15.7 సెంటీమీటర్ల దగ్గర ఉంటాయి. మొన, తోక, నడుము అన్నీ ఊగుతున్నా ఆ రెండు చోట్లూ మాత్రం గీత గీసినట్టు లక్ష్యం వైపు పోతాయి. గురి అంటే ఆ రెండు చుక్కలు కలిపిన గీత.

మాస్టారూ, దీన్ని మీరు కొల్లేట్లో రోజూ చూస్తున్నారు. కొరమేను నీళ్ళలో పోయేటప్పుడు గమనించండి. దాని ఒళ్ళు ఏ క్షణంలోనూ తిన్నగా ఉండదు. తల ఒకవైపు, నడుము ఒకవైపు, తోక ఒకవైపు. అయినా అది పోయే దారి మాత్రం తిన్నన. చేప కావాలని వంగుతుంది, బాణం తప్పనిసరై వంగుతుంది, అంతే తేడా. బాణం విల్లుని దాటి ఈదుతుందని నాకు అనిపిస్తుంది.

తప్పనిసరి ఎందుకు? ఇది చూడటానికి దోనె ఎక్కితే చాలు. గెడ మట్టిలో దింపి గట్టిగా నెట్టినప్పుడు గెడ నడుము విల్లులా వంగుతుంది. మీరు నెట్టింది నిలువుగా, అది వంగింది పక్కకి. సన్నని పొడవాటి దేన్నైనా కొసల నుంచి నొక్కితే, ఒక హద్దు దాకా అది ఓర్చుకుంటుంది. ఆ హద్దు దాటగానే పక్కకి వంగిపోతుంది. హద్దు ఎంతో 1744లో లియొనార్డ్ ఆయిలర్ లెక్క కట్టి చూపించాడు. నేను ఆ సూత్రంలో ఒక మామూలు కర్ర బాణం కొలతలు వేసి చూశాను. ఏడెనిమిది కిలోల బరువుకే వంగిపోవాలి. దాని వెనక పడుతున్నది 20 కిలోల తోపు. మెల్లగా ఆ బలం పెడితే పుల్ల విరుగుతుంది.

మరి విరగదేం? రెండు కారణాలు. ఒకటి, తోపు బాణమంతటా ఒకేలా ఉండదు. తోక మొత్తం బాణాన్ని ములికితో సహా తొయ్యాలి. నడుము తన ముందున్న సగాన్నే తొయ్యాలి. మొన దగ్గరికి వచ్చేసరికి తొయ్యవలసింది ములికి ఒక్కటే. రెండోది ఇంకా అందమైన కారణం. విరగడానికీ సమయం కావాలి. వంపు పెరిగి విరిగే దాకా రావడానికి ముందే కర్ర తన సహజ ఊపుతో ఎదురు వైపుకి తిరిగేస్తోంది. ఈలోగా తాడు బలం కూడా తగ్గిపోతోంది. విరుగుడుకీ ఊపుకీ మధ్య ఉన్న కొన్ని మిల్లీసెకన్ల సందులోనే విలువిద్య అంతా ఇమిడి ఉంది.

ఇక అన్న బాణం. ఒక బాణం సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందన్నది దాని కర్ర బిగువు, పొడవు, బరువు, ములికి బరువు మీద ఆధారపడుతుంది. సాధారణంగా 60, 80 సార్లు. 18 మిల్లీసెకన్లలో 70 సార్ల లెక్కన ఒకటీ పావు ఊపు పూర్తవుతుంది. పైన చెప్పిన మూడు వంపులూ ఆ ఒకటీ పావులోనివే. అందుకే తోక పిడి దగ్గరికి వచ్చేటప్పుడు అది దూరంగా ఉంది. ఈ లెక్క విల్లు మీద కూడా ఆధారపడుతుంది. బలమైన విల్లు తక్కువ సమయంలో ఎక్కువ తోస్తుంది, దానికి బిగువైన బాణం కావాలి. బలం తక్కువ విల్లుకి మెత్తని బాణం కావాలి.

అన్న పెద్దవాడు. అతని విల్లు 22 కిలోలనుకుందాం. తమ్ముడిది కుర్రాడి విల్లు, 14 కిలోలు. అన్న బాణం అన్న విల్లు తోపుకి తగ్గట్టు బిగువుగా చెక్కింది. తమ్ముడి విల్లు దాన్ని కావలసినంత వంచలేకపోయింది. వంగని బాణం పిడిని చుట్టుకోలేదు, తోక పిడికి తగిలింది, బాణం ఎడమకి పోయింది. బిగువు ఎక్కువైతే ఎడమకి, మెత్తనైతే కుడికి. కుడిచేతి విలుకాడికి ఇది ఇప్పటికీ ఒలింపిక్ శిక్షకులు చెప్పే సూత్రం. ముసలాయన కథలో ఎడమ అనే ఒక్క మాట చదివినప్పుడే నాకు ఆయన అబద్ధమాడటం లేదని తెలిసిపోయింది. కల్పించి చెప్పేవాడికి ఎడమో కుడో పట్టింపు ఉండదు.

"నీ విల్లు మాట వినదు" అన్నాడు అన్న. ఇంతకంటే కచ్చితంగా నేను చెప్పలేను. రెండు ఊపులు పొందిక కుదరకపోవడాన్ని ఆ అడవిలో వాళ్ళు తరతరాలుగా చేత్తో కొలుస్తున్నారు. వెదురు పుల్లని వేళ్ళ మధ్య వంచి చూస్తారు, గీకుతారు, మళ్ళీ వంచి చూస్తారు. వంకర ఉంటే నిప్పు సెగ చూపించి సరిచేస్తారు. పొడవు కొంచెం కోస్తే బిగువు చాలా పెరుగుతుంది. ములికి బరువు పెంచితే బాణం మెత్తనిదానిలా ప్రవర్తిస్తుంది. కొలిచే యంత్రం లేదు, కాని బాణం ఎటు పోయిందో చెట్టు మీది దెబ్బ చెబుతుంది. తర్వాతి బాణం కొంచెం మారుతుంది.

ఇక్కడ ఒక పక్కదారి పట్టకుండా ఉండలేను. ఏకలవ్యుడి బొటనవేలు. ద్రోణుడు బొటనవేలే ఎందుకడిగాడు? మూడు వేళ్ళతో లాగే పద్ధతిలో బొటనవేలికి పెద్దగా పని లేదు. తుర్కులు, మంగోలులు లాగినట్టు బొటనవేలి కొక్కెంతో లాగే పద్ధతిలో అదే సర్వస్వం. మహాభారతం ఆదిపర్వంలో, బొటనవేలు ఇచ్చేశాక ఏకలవ్యుడు మిగతా వేళ్ళతో బాణం వేశాడనీ, మునుపటి వేగం రాలేదనీ ఉంది. ఆ కథ కట్టినవాళ్ళకి రెండు పద్ధతులూ తెలుసని నా నమ్మకం. ఈ రెండింటి భౌతికశాస్త్రం అద్దంలో బొమ్మలా తిరగబడుతుంది. బొటనవేలి నుంచి తాడు కుడివైపుకి దొర్లుతుంది. అందుకే ఆ పద్ధతి వాళ్ళు బాణాన్ని పిడికి కుడిపక్కన పెడతారు. బాణం వంపులన్నీ తారుమారవుతాయి, సూటి మాత్రం సూటిగానే ఉంటుంది. ఎక్కడో మధ్యాసియా గడ్డి మైదానాల్లో ఒకరు, పాపికొండల్లో ఒకరు, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే తాడు ఎటు దొర్లుతుందో దానికి సరైన పక్కన బాణాన్ని పెట్టారు.

సినిమాల మీద నాకున్న కోపం కూడా చెప్పేస్తాను. బాహుబలి రెండో భాగంలో దేవసేనకి మూడు బాణాలు ఒకేసారి వెయ్యడం నేర్పే సన్నివేశం అందరికీ గుర్తుంటుంది. అంత నెమ్మదిగా, అంత దగ్గరగా బాణాలని చూపిస్తున్నప్పుడు ఒక్కసారైనా అవి వంగి ఉంటే ఎంత బాగుండేది! హిక్‌మన్ కెమెరా చూపించినదానికంటే అందమైన దృశ్యం ఏ గ్రాఫిక్సులోనూ నేను చూడలేదు.

ఉపయోగాల గురించి అడిగేవాళ్ళు ఉంటారు. వాళ్ళకి విజయవాడ చూపిస్తాను. వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చింది. ఆమెది కాంపౌండ్ విల్లు. నడుము లోపలికి కోసి బాణం మధ్యరేఖ మీదే కూర్చునేలా చేస్తారు, తాడుని వేళ్ళతో కాకుండా చిన్న యంత్రంతో వదులుతారు. పక్కకి వంగే అవసరమే ఉండదు. బొమ్మదేవర ధీరజ్ 2024లో పారిస్ ఒలింపిక్స్‌కి తీసుకువెళ్ళింది రికర్వ్ విల్లు. అక్కడ తాడు వదిలేది వేళ్ళే, కాబట్టి కార్బన్ బాణమైనా వంగుతూనే పోతుంది. వాళ్ళ పెట్టెల్లోని ప్రతి బాణం మీదా స్పైన్ అని ఒక అంకె ముద్రించి ఉంటుంది. బాణం బిగువు కొలత అది. అన్న తమ్ముడికి చెప్పిన మాటే అక్కడ అంకెగా మారింది. ఇన్ని పతకాలు తెస్తున్న రాష్ట్రంలో, ఏ సైన్సు పుస్తకమూ బాణం వంగుతుందని ఒక్క బొమ్మ కూడా వెయ్యదు. స్థితిశక్తి, గతిశక్తి, తర్వాతి పాఠం.

ఇక దుప్పి కూచోవడం. దీనికి ఎక్కువ మాటలు అక్కర్లేదు, చిన్న గుణకారాలు చాలు. దుప్పి బాణాన్ని చూడలేదు. అల్లెతాడు మోత విన్నది. శబ్దం వేసవి గాలిలో సెకనుకి సుమారు 350 మీటర్లు పోతుంది, బాణం 45. ముప్పయ్యయిదు అంగలంటే దాదాపు 25 మీటర్లు. మోత దుప్పి చెవికి 0.07 సెకన్లలో చేరింది. బాణానికి 0.56 సెకన్లు కావాలి. విన్నాక కండరాలు కదలడానికి 0.15 సెకన్లు ఇద్దాం. ఇంకా 0.33 సెకన్లు మిగిలాయి. పరుగు తియ్యాలంటే దుప్పి ముందు కాళ్ళు మడిచి ఒళ్ళు దించాలి, స్ప్రింగు నొక్కినట్టు. కాళ్ళు మడిచినప్పుడు ఒళ్ళు కిందికి రావడం స్వేచ్ఛాపతనమే, అంతకంటే వేగంగా ఏ జంతువూ దిగలేదు. 0.33 సెకన్లలో స్వేచ్ఛాపతనం 50 సెంటీమీటర్లకి పైనే. చుక్కల దుప్పి భుజం ఎత్తు 90 సెంటీమీటర్లు ఉంటుంది. ఆ పతనంలో సగం జరిగినా గుండెకి గురిపెట్టిన బాణం వీపు దాటిపోతుంది. దుప్పి తప్పించుకోవాలని కూచోలేదు, పారిపోవడానికి కూచుంది. తప్పించుకోవడం దానంతటదే జరిగింది.

ఇప్పుడు పన్నెండు అంగలు. దాదాపు 9 మీటర్లు. బాణానికి 0.2 సెకన్లు, మోతకి 0.026, కండరాలకి 0.15. మిగిలింది 0.024 సెకన్లు. అంతసేపట్లో దుప్పి ఒళ్ళు ఎంత దిగుతుంది? మూడు మిల్లీమీటర్లు.

యాభై సెంటీమీటర్లు, మూడు మిల్లీమీటర్లు. ఈ రెండు అంకెల మధ్య తేడానే ఆ కుర్రాడు మూడోసారి పొదల మాటున పొట్ట మీద పాకిన దూరం. పాశ్చాత్య దేశాల్లో చెక్కవిల్లు వేటగాళ్ళు మోత తగ్గడానికి తాడుకి బొచ్చు కుచ్చులు కట్టుకుంటారు. శబ్ద వేగాన్ని మాత్రం ఎవరూ తగ్గించలేరు, దగ్గరికి వెళ్ళడం ఒక్కటే దారి. దశరథుడి శబ్దభేది కథలో శబ్దం జంతువు దగ్గర నుంచి వేటగాడి చెవికి వస్తుంది. అది ఇటునుంచి అటు పోయినప్పుడు ఏమవుతుందో కొండరెడ్డి కుర్రాడికి రెండో బాణంతోనే తెలిసింది.

మాస్టారు గారూ, ఒక కోరిక. ఆ బాణాన్ని రెండు కుర్చీల వీపుల మీద, వాటి మధ్య 66 సెంటీమీటర్లు ఉండేలా ఆనించండి. పాత వెదురు కదా, ఎక్కువ బరువు వద్దు. 450 గ్రాముల పంచదార తూచి పొట్లం కట్టి నడుమ వేలాడదీయండి. బాణం ఎన్ని మిల్లీమీటర్లు కుంగిందో స్కేలుతో చూడండి. విల్లుని ఎక్కుపెట్టవద్దు, ఇన్నేళ్ళు గోడకి ఉన్న వెదురు విరుగుతుంది. పిడి దగ్గర దాని మందం, వెడల్పు కొలిచి రాయండి, దాని బలం ఎన్ని కిలోలో నేను లెక్క కడతాను. ఆ బలాన్ని కుంగిన మిల్లీమీటర్లతో గుణిస్తే 150కి దగ్గరగా వస్తే ఆ బాణం ఆ విల్లుదే. చాలా తక్కువ వస్తే ముసలాయన మీకు అన్న బాణం ఇచ్చాడన్నమాట.